రామోజీ ఫిల్మ్ సిటీకి ఒక్క రోజు: ఏది ముందు, ఏది తర్వాత, ఏది వదిలేయాలి

రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లొచ్చిన వాళ్లను కదిపితే ఎక్కువగా రెండు మాటలు వినిపిస్తాయి. "సగం కూడా చూడలేదు" అనేది ఒకటి, "ఒక్క షూటింగైనా కనబడలేదు" అనేది రెండోది. మొదటి దానికి మందు ఉంది. రెండో దానికి లేదు, ఆ సంగతి ముందే తెలుసుకుని వెళ్తే చాలు.

1996లో మొదలైన ఈ స్టూడియో విస్తీర్ణం 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డు దీని పేరు మీదే ఉంది. అంత చోటు నడిచి తిరిగేది కాదు. ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కు వాళ్ల బస్సులోనే వెళ్లాలి, షోలేమో వాటి టైముకే మొదలవుతాయి. అంటే మీ రోజు నడిచేది బస్సు క్యూని బట్టి, షో టైముల్ని బట్టి. కింద చెప్పే వరుసంతా ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని వేసిందే.

ముందుగా రోజు ఎంచుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ బాధ ఉండదు. అందులోనూ మంగళ, బుధ, గురువారాలు మేలు. ఆదివారాలు, రెండో శనివారాలు, దసరా, సంక్రాంతి, క్రిస్మస్ సెలవులు వద్దు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇంకో తిరకాసు ఉంది: స్కూళ్ల విహారయాత్రలు పనిదినాల్లోనే వస్తాయి. ముందు ఒకే స్కూలు పిల్లలు మూడు బస్సుల నిండా దిగారంటే మీ క్యూ అరగంట వెనక్కి పోయినట్టే. దానికి చేయగలిగింది ఒక్కటే, వాళ్లకంటే ముందు చేరడం.

ఏప్రిల్, మే నెలల్లో పిల్లలకు సెలవులని చాలామంది అప్పుడే పెట్టుకుంటారు. టూరిస్టు బస్సుల పక్కలు తెరిచి ఉంటాయి, సెట్ల దగ్గర నీడ తక్కువ, నేలంతా రాయీ సిమెంటూ. పన్నెండు నుంచి మూడున్నర దాకా పెద్దవాళ్లు తట్టుకోలేరు. వేసవిలో తప్పదంటే ఆ సమయమంతా లోపల కూర్చునే షోలకు, భోజనానికి కేటాయించండి. జులై, ఆగస్టుల్లో జనం పల్చగా ఉంటారు, మబ్బు పట్టి హాయిగా ఉంటుంది, కానీ గట్టి వాన పడితే ఆరుబయట షోలు ఆగిపోతాయి. గొడుగు కంటే రెయిన్‌కోటు నయం, బస్సులో గొడుగు తెరిచే వీలుండదు.

టికెట్

ఫిల్మ్ సిటీ సొంత వెబ్‌సైట్‌లో ముందురోజే తీసుకోండి. పెద్దవాళ్ల టికెట్ వెయ్యి రూపాయలు దాటి చాలాకాలమైంది. పండగ సీజన్లలో, సాయంత్రం కార్నివాల్ ఉన్న రోజుల్లో ఇంకా పెంచుతారు. నలుగురున్న కుటుంబానికి టికెట్లకే ఐదారు వేలు పక్కన పెట్టుకోండి, తిండి, ప్రయాణం వేరు. పిల్లల టికెట్‌కు లెక్క వయసు కాదు, ఎత్తు. బుకింగ్ పేజీలో రాసిన ఎత్తు చూసి, ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలవండి. ఆరేళ్లేగా అని చిన్న టికెట్ తీసుకుంటే గేటు దగ్గర తేడా కట్టాల్సి రావచ్చు.

ప్యాకేజీలు చూసి కంగారు పడనక్కర్లేదు. మామూలు డే టూర్‌లో సెట్ల టూరు, షోలు, పిల్లల ఆటలు, పార్కులు వస్తాయి. ఎక్కువ డబ్బు పెట్టే ప్యాకేజీల్లో ఏసీ బస్సు, షోల్లో ముందు సీట్లు, బఫే భోజనం కలిపిస్తారు. అరవై దాటిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ఆ అదనపు ఖర్చు దండగ కాదు, వాళ్లను అలసగొట్టేది నడక కంటే క్యూలో నిలబడటమే. కుర్రాళ్ల గుంపైతే మామూలు టికెట్ చాలు. సాహస క్రీడల విభాగం 'సాహస్' మీరు కొన్న ప్యాకేజీలో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. అందులో ఆడాలనుకుంటే చెప్పులు, చీర, పొడుగు దుపట్టా పనికిరావు. బూట్లు, ప్యాంటు ఉండాలి. పైగా సాహస్‌కు వెళ్తే కనీసం రెండు గంటలు అక్కడే పోతాయి, ఆ రోజుకు పార్కులు వదులుకోవాలి.

చేరుకోవడం

హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద, పెద్ద అంబర్‌పేట దాటాక వస్తుంది. ఎల్‌బీ నగర్ నుంచి సుమారు 20 కిలోమీటర్లు. మెట్రోలో వచ్చేవాళ్లు మియాపూర్–ఎల్‌బీ నగర్ లైన్‌లో చివరి స్టేషన్‌లో దిగి, కిందికొచ్చి, ఫిల్మ్ సిటీ బోర్డున్న సిటీ బస్సు ఎక్కాలి. హయత్‌నగర్ దాకానే వెళ్లే బస్సు ఎక్కితే మళ్లీ ఆటో వెతుక్కోవాలి, అందుకే ఎక్కే ముందు కండక్టర్‌ని అడగండి. కొండాపూర్, గచ్చిబౌలి వైపు వాళ్లు, విమానాశ్రయం నుంచి వచ్చేవాళ్లు ఔటర్ రింగ్ రోడ్డెక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే ఊళ్లో ట్రాఫిక్ తప్పుతుంది.

హైదరాబాద్ నుంచి వెళ్తుంటే ఫిల్మ్ సిటీ హైవేకి కుడివైపున ఉంటుంది, మలుపు ముందే చూసుకోకపోతే చాలా దూరం పోయి తిరిగి రావాలి. విజయవాడ నుంచి వచ్చేవాళ్లకు ఎడమవైపే, నగరంలోకి అడుగు పెట్టకుండానే వస్తుంది. రాత్రి బస్సులో సామాన్లతో వచ్చి తెల్లారి నేరుగా ఇక్కడ దిగాలనుకునేవాళ్లు సామాన్ల గదిలో చోటుంటుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. సూట్‌కేసుతో టూరిస్టు బస్సులు ఎక్కి దిగడం నరకం.

సంక్రాంతికి మూడు రోజుల ముందు ఎల్‌బీ నగర్ నుంచి పంతంగి టోల్‌ప్లాజా దాకా ఊళ్లకు పోయే బండ్లతో హైవే కిక్కిరిసి ఉంటుంది. పండగ అయ్యాక అదే రద్దీ ఎదురు దిశలో ఉంటుంది. ఆ వారం ఫిల్మ్ సిటీ మాట తలపెట్టొద్దు.

గేటు నుంచి యురేకా దాకా

తొమ్మిదింటికి తెరుస్తారు. ఎనిమిదిన్నరకల్లా పార్కింగ్‌లో ఉండండి. చాలామంది తడబడేది ఇక్కడే: మీ కారు ఆపిన చోటు, టికెట్ చూపించిన చోటు ఫిల్మ్ సిటీ కాదు, దాని గుమ్మం మాత్రమే. అక్కడ బ్యాగుల తనిఖీ అయ్యాక వాళ్ల బస్సు ఎక్కితే, రాళ్లగుట్టల మధ్య నుంచి లోపలున్న యురేకా అనే ప్రాంగణానికి తీసుకెళ్తుంది. కారులో మరిచిపోయిన మందుల డబ్బా కోసం మళ్లీ వెనక్కి రావాలంటే గంట పోతుంది. కాబట్టి కారు దిగేటప్పుడే సరిచూసుకోండి: టోపీ, నీళ్ల సీసా, పవర్ బ్యాంకు, మందులు, పసిపిల్లలుంటే పాలడబ్బా. పులిహోర, చపాతీలు కట్టుకుని వెళ్లొద్దు, బయటి తినుబండారాలు లోపలికి రానివ్వరు. డ్రోన్ తీసుకెళ్లే ఆలోచనే వద్దు. ఫోన్‌తో ఫొటోలకు అడ్డు లేదు. ట్రైపాడ్, పెద్ద కెమెరా అయితే ముందుగా అడిగి తీసుకెళ్లండి.

యురేకాలో దిగగానే పాటలు, డాన్సులతో స్వాగతం ఉంటుంది. జనమంతా అక్కడే ఫోన్లు పైకెత్తి నిలబడతారు. మీరు నిలబడొద్దు, మధ్యాహ్నం ఎలాగూ ఇంతకంటే మంచి డాన్సు షో ఉంది. ముందు ఆ రోజు షో టైముల పట్టిక ఫొటో తీసుకోండి. తర్వాత నేరుగా సెట్ల టూరు బస్సు క్యూలోకి వెళ్లండి. తొలి బస్సుల్లో ఎక్కినవాళ్లు పదకొండున్నరకల్లా టూరు ముగించుకుంటారు. స్వాగతం పూర్తిగా చూసి, కాఫీ తాగి, పదిన్నరకు క్యూలో చేరినవాళ్లు మిట్టమధ్యాహ్నం ఎండలో సెట్ల మధ్య ఉంటారు. ఈ ఒక్క తేడా రోజంతా వెంటాడుతుంది.

సెట్లను ఎలా చూడాలి

ఎర్ర బస్సులో గైడ్ మైకు పట్టుకుని, ఇక్కడ ఫలానా హీరో పాట తీశారు, అక్కడ ఫలానా ఫైట్ తీశారు అని చెబుతూ పోతుంటాడు. వినండి, సరదాగానే ఉంటుంది. కానీ కళ్లకు వేరే పని పెట్టండి.

కొన్ని చోట్ల ఒకే కట్టడం ముందు నుంచి విమానాశ్రయం, పక్కకు తిరిగితే ఆసుపత్రి. బస్సు మలుపు తిరిగేటప్పుడు మూల మీద చూపు పెడితే ఆ రెండు వేషాలు కలిసే గీత దొరుకుతుంది: ఒకవైపు అద్దాల తలుపులు, ఇంకోవైపు పోర్టికో, మధ్యలో రంగు మారిపోయే గోడ. కెమెరా చూడని వైపు డబ్బు పెట్టరు, సెట్టు పని మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది. రైల్వే స్టేషన్ సెట్టులో పసుపు బోర్డు మీద ఊరి పేరు కథను బట్టి మారుతుంది. ఈ వారం అది కోస్తాలో ఊరు, వచ్చే వారం బిహార్‌లో. జైలు సెట్టు, గుడి సెట్టు, విదేశీ వీధుల సెట్లు ఇంతే. వీధిలో తలుపులన్నీ బాగుంటాయి, తెరిస్తే వెనక గది ఉండేది కొన్నిటికే.

దిగి నడవనిచ్చే చోట గోడను వేలి కణుపుతో తట్టి చూడండి. గట్టిగా టకటకమంటే ఇటుక. బోలుగా మోగితే ఫైబర్, లేదా ప్లైవుడ్ మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్. రాతి స్తంభమని మీరనుకున్నది చాలాసార్లు అచ్చులో పోసిన ఫైబరే. శిల్పాన్ని ఒక్కసారి చెక్కి, దాన్నుంచి అచ్చు తీసి, ఎన్ని కావాలంటే అన్ని పోసుకుంటారు. అందుకే వరుసలో పది ఏనుగులుంటే పదింటి తొండం మీద ఒకే చోట ఒకే మచ్చ కనబడొచ్చు. పాతరాయిలా కనిపించే నలుపు రంగు పైనుంచి కిందికి కారినట్టు వేస్తారు, వాన నీరు జారిన గుర్తులు అలాగే ఉంటాయి గనుక. సెట్లకు మెరిసే రంగు వాడటానికి ఇష్టపడరు, లైటు దాని మీద పడి తిరిగి కెమెరాలోకి కొడుతుంది. తట్టమన్నామని ఎక్కడం, పట్టుకుని వేలాడటం చేయొద్దు. బరువు మోయడానికి కట్టినవి కావవి.

తోటలు కూడా సెట్లే. మొఘల్ తోట, జపాన్ తోట, కొండ మీది హవామహల్ నమూనా, దేనికదే ఒక పాట కోసం సిద్ధంగా ఉంటుంది. కొన్ని బస్సులోంచే చూపించి పోతారు. 'అక్కడ ఎందుకు ఆపలేదు' అని గైడ్‌తో గొడవ పెట్టుకున్నా లాభం లేదు, దారి ఆ రోజు జరుగుతున్న షూటింగుల్ని బట్టి మారుతుంది. దూరంగా నిలబెట్టిన జనరేటర్ వ్యాను, వరుసగా క్యారవాన్లు (నటులు సేదతీరే వ్యాన్లు), తాడు కట్టిన దారి కనబడితే అటు షూటింగ్ ఉన్నట్టు. బస్సు అటు పోదు. ఆ సెట్టును వేలకు వేలు అద్దె కట్టి తీసుకున్న నిర్మాతకు టూరిస్టుల కేకలు అక్కర్లేదు మరి.

మూవీ మ్యాజిక్: ఇది మాత్రం వదలొద్దు

పిల్లల ఆటల కోసమో, ఆకలికో జనం దాటేసే చోటు ఇది. అసలు సినిమా ఎలా పుడుతుందో చూపించేది ఇదొక్కటే. వచ్చినవాళ్లలోంచే ఒకరిద్దరిని పిలిచి బండి మీద కూర్చోబెట్టి, వెనక తెర పెట్టి చిన్న సీను తీస్తారు. బండి అంగుళం కదలదు, ఊపేది మనుషులు. తర్వాతి గదిలో ఆ సీనుకు శబ్దాలు చేయిస్తారు. చివరి గదిలో అంతా అతికించి తెర మీద వేస్తారు. అప్పటిదాకా నవ్వులాటగా ఉన్నది ఒక్కసారిగా పరుగెత్తే గుర్రబ్బండి అయిపోతుంది. శబ్దం చేరకముందు బొమ్మ ఎంత చప్పగా ఉంటుందో పక్కపక్కనే కనిపిస్తుంది కాబట్టి పదేళ్లు దాటిన పిల్లలకు ఇది బాగా పడుతుంది. గుర్రపు డెక్కల చప్పుడుకు కొబ్బరి చిప్పలు కొట్టడం సినిమా సౌండ్ వాళ్ల పాత విద్య, ఇంటికొచ్చాక పిల్లలు రెండు రోజులు మీ వంటింట్లో అదే పని చేస్తారు.

నటించాలని ఉంటే మొదటి రెండు వరుసల్లో కూర్చోండి. పిలవగానే చెయ్యెత్తండి, సిగ్గుపడేలోపు పక్కవాళ్లను తీసుకెళ్లిపోతారు. మూడు గదులూ వరుసగా చూడాలి, మధ్యలో బయటికొస్తే మళ్లీ మొదటి నుంచే.

భోజనం, షోలు

ఒంటిగంట నుంచి రెండింటి దాకా అన్ని హోటళ్లూ కిటకిటలాడతాయి. పన్నెండుకే తినేయండి, లేదా రెండున్నరకు తినండి. ఒంటిగంటకు జనం తింటుండగా మీరు షోలో కూర్చుంటే ముందు వరుస దొరుకుతుంది. ధరలు ఊళ్లో కంటే ఎక్కువ. బఫే ఉన్న టికెట్ తీసుకోనివాళ్లు శాకాహారం ప్లేటుతో సరిపెట్టుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. తిన్న వెంటనే పిల్లల్ని తిరిగే రంగులరాట్నాలు ఎక్కించొద్దు. వాంతులు చేసుకుంటే మార్చడానికి బట్టలు కారులో ఉంటాయి, కారు గేటు దగ్గర ఉంటుంది.

'స్పిరిట్ ఆఫ్ రామోజీ' డాన్సు షో లోపల కూర్చుని చూసేది. 'వైల్డ్ వెస్ట్' స్టంట్ షోలో తుపాకుల మోత, పేలుళ్లు ఉంటాయి. పసిబిడ్డ ఉంటే చివరి వరుసలో, బయటికి పోయే దారి దగ్గర కూర్చోండి. స్టంట్ షోకు పది, పదిహేను నిమిషాల ముందు చేరాలి, మొదలయ్యాక వచ్చినవాళ్లకు వెనక నిలబడటమే గతి. రెండు షోల మధ్య అరగంటే ఉంటే దూరం జోన్‌కు బయల్దేరొద్దు, తిరిగొచ్చే బస్సు మీ కోసం ఆగదు.

మూడున్నర తర్వాత

ఎండ వాలాక పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు, బోన్సాయ్ తోట ఉన్న వైపు బస్సెక్కండి. సీతాకోకచిలుకలకు మాత్రం వెచ్చని వెలుతురు కావాలి. మబ్బు రోజైనా, బాగా పొద్దుపోయినా ఆకుల కింద ముడుచుకుంటాయి. కాబట్టి దిగగానే ముందు అవి, తర్వాత పక్షులు. ఫోన్ జూమ్ చేయడం కంటే పూల దగ్గర రెండు నిమిషాలు కదలకుండా నిలబడటం మంచి ఫొటో ఇస్తుంది.

బాహుబలి సెట్టు తెలుగువాళ్లు ఎలాగూ వదలరు. కళా దర్శకుడు సాబు సిరిల్ తీర్చిదిద్దిన మాహిష్మతి ఇది. సినిమాలో చూసినంత ఎత్తు ఇక్కడ కనబడక కొందరు నిరాశపడతారు. కింద కట్టింది కొంత, పైన కంప్యూటర్‌లో చేర్చింది కొంత. రెండూ ఎక్కడ కలుస్తాయో ఊహించుకుంటూ చూస్తే ఆ నిరాశ ఉండదు. ఫొటోలకు సాయంత్రం పక్కవాటు వెలుతురు బాగుంటుంది, మిట్టమధ్యాహ్నం ముఖాల మీద కళ్ల కింద నీడలు పడతాయి. ఎక్కువమంది ఒకే విగ్రహం ముందు గుమిగూడతారు. పక్క మెట్ల మీదికి వెళ్తే అదే విగ్రహం మనుషులు లేకుండా ఫ్రేములో పడుతుంది.

ఆరేడేళ్ల పిల్లలున్నవాళ్లు ఈ పార్కులన్నీ వదిలేసి చివరి రెండు గంటలు పిల్లల ఆటల జోన్ 'ఫండుస్థాన్'లో గడిపినా నష్టం లేదు. 'బొరాసుర' అనే మంత్రగాడి గుహ మాత్రం చీకటి, అరుపులు. చీకటంటే భయపడే పిల్లల్ని తీసుకెళ్తే ఆ రాత్రి మీకు నిద్ర ఉండదు.

తిరిగి వెళ్లేటప్పుడు అందరూ ఒకేసారి లేస్తారు. ముగింపు కార్యక్రమానికి పావుగంట ముందు యురేకా నుంచి గేటు బస్సు ఎక్కితే కూర్చుని వెళ్లొచ్చు. సిటీ బస్సు నమ్ముకున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం, చీకటి పడ్డాక హైవే పక్కన పిల్లలతో నిలబడటం మంచిది కాదు. రెండు రోజులు తీరిగ్గా చూడాలనుకుంటే లోపలే హోటళ్లున్నాయి: ఖరీదైనది సితార, దాని కింది మెట్టు తార, గుంపులుగా వచ్చేవాళ్లకు డార్మిటరీ తరహాలో సహారా. పెళ్లిళ్ల ముహూర్తాలున్న రోజుల్లో గదులు దొరకడం కష్టం.

నిజంగా షూటింగే చూడాలంటే

అన్నపూర్ణ, రామానాయుడు, సారథి లాంటి హైదరాబాద్ స్టూడియోలు మామూలుగా టూరిస్టుల కోసం తెరిచేవి కావు. గేటు దగ్గర నిలబడితే వాచ్‌మన్ మాటలే మిగులుతాయి. కెమెరా తిరుగుతుండగా చూసే దారి మామూలు మనిషికి ఒక్కటే, టీవీ షోలకు ప్రేక్షకుడిగా వెళ్లడం. క్విజ్‌లు, పాటల పోటీలు, కామెడీ షోలకు ఎదురుగా కూర్చునే జనం కావాలి. ఛానెల్ తెర మీద వేసే ప్రకటన ద్వారా గానీ, వాళ్ల అధికారిక సోషల్ మీడియా పేజీల ద్వారా గానీ పేరు ఇవ్వండి.

పిలుపు వస్తే సన్నని చారల, చిన్న గళ్ల చొక్కా వేసుకోవద్దు, కెమెరాలో ఆ గీతలు అలల్లా కదులుతాయి. ఆకుపచ్చ బట్టలూ వద్దు, తర్వాత కంప్యూటర్‌లో వేరే దృశ్యం చేర్చడానికి వెనక పచ్చ తెర (గ్రీన్‌మ్యాట్) వేస్తే దాంతోపాటే మీ చొక్కా మాయమవుతుంది. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు, లోపల బాగా చలి, శాలువా పట్టుకెళ్లండి. గంట కార్యక్రమానికి ఐదారు గంటలు కూర్చోవాలి. మధ్యలో ఎవరూ జోకు వేయకపోయినా నవ్వమంటారు, ఎవరూ పాడకపోయినా చప్పట్లు కొట్టమంటారు, వాటిని విడిగా తీసుకుని తర్వాత అతికిస్తారు. పసిపిల్లలతో వెళ్లే చోటు కాదు.

దీనికి మీరు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. "ఎంట్రీ ఫీజు", "ఆర్టిస్టు కార్డు", "హీరోతో ఫొటో" అంటూ సినిమావాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్ టీకొట్ల దగ్గరో వాట్సాప్‌లోనో ఎవరైనా డబ్బడిగితే మాట అక్కడే తుంచేయండి. ఆధార్ కాపీ, బ్యాంకు వివరాలు అసలే ఇవ్వొద్దు.